నాంత్ తోటకు మొక్కలు తెచ్చిన ఓడలు

(మచిలీపట్నంలో ఒక గ్రంథాలయం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అధ్యక్షులవారికి, పెద్దలకు, మిత్రులకు నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకి వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి. ఈ మైకు మీద నాకు అంత నమ్మకం లేదు.

నన్ను పిలిచినప్పుడు "ఫ్రాన్సు వెళ్లొచ్చారు కదా మాస్టారూ, పారిస్ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. పారిస్ గురించి చెప్పడానికి నేనే రానక్కర్లేదు. ఈఫిల్ టవర్ ముందు ఫోటో దిగినవాళ్లు ఈ హాల్లోనే కొందరు కనిపిస్తున్నారు. నేను చెప్పబోయేది నాంత్ అనే ఊరి సంగతి. మా అమ్మాయి అక్కడ చదువుకుంటున్న రోజుల్లో నేనూ మా ఆవిడా వెళ్లి ఉన్నాం. జీవితమంతా వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నా కాళ్లు ముందు తోటలవైపే వెళ్లాయి. అక్కడి నుంచి కథ వేరే దారి పట్టింది.

నాంత్ ఫ్రాన్సుకి పడమటి వైపున లువార్ నది ఒడ్డున ఉంది. సముద్రం ఇంకో 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్‌లో వేగపు రైలెక్కితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఒకప్పుడు గొప్ప రేవు పట్నం. పరాసుపేట, అంటే ఫ్రెంచివాళ్ల పేట, ఉన్న మన ఊరికీ దానికీ పాత లెక్క ఒకటుంది. 1669లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ తరఫున మర్కారా అనే ఆర్మీనియా వర్తకుడు గోల్కొండ సుల్తాను దగ్గర ఫర్మానా సంపాదించి, ఇక్కడ బందరులో కొఠీ తెరిచాడు. ఆ కంపెనీ ఆసియా నుంచి తెచ్చిన సరుకుని 1733 దాకా వేలం వేసిన ఊరు నాంత్. ఆ మరుసటి ఏడు నుంచి వేలాలు లోరియాం అనే ఇంకో ఫ్రెంచి రేవుకి మారాయి. అంటే చాలా ఏళ్లపాటు, ఈ తీరంలో మూట కట్టిన గుడ్డ విప్పింది ఎక్కువగా అక్కడే.

నా అసలు మాట ముందే చెప్పేస్తాను. చివర్లో టీ వచ్చేసరికి సగం మంది లేచిపోతారని నాకు తెలుసు. నాంత్‌లో అందమైన వృక్షోద్యానం ఉంది. అదే ఊళ్లో బానిసల వ్యాపారానికి సంబంధించిన స్మారకం ఉంది. టూరిస్టు పుస్తకాల్లో ఒకటి 'తోటలు' శీర్షిక కింద, ఇంకొకటి 'చరిత్ర' శీర్షిక కింద ఉంటాయి. రెండూ ఒకే కథ అని నా అభిప్రాయం. రెండింటినీ ఒకే రోజు, ఒకదాని తర్వాత ఒకటి చూడాలి.

సరే, కోట నుంచి మొదలుపెడదాం. ఆ ఫోటో వేస్తారా బాబూ?

ఇది బ్రిటనీ డ్యూకుల కోట. బ్రిటనీ అప్పట్లో విడి రాజ్యం లాంటిది. ఫ్రెంచి రాజు మాట వినేది కాదు. 1466లో రెండో ఫ్రాన్సువా అనే డ్యూకు ఈ కోట కట్టడం మొదలుపెట్టాడు. బయటి నుంచి చూస్తే నల్లటి రాతి బురుజులు, చుట్టూ కందకం. యుద్ధం కోసం కట్టిందని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ద్వారం దాటి లోపలికి వెళ్తే తెల్లటి సున్నపురాతి మహలు, సన్నటి చెక్కడాలు, ఇనుప అల్లికతో కిరీటం పెట్టిన బావి. ఒకే గోడకి బయటి మొహం ఒకటి, లోపలి మొహం ఇంకొకటి. ఆ ఊళ్లో చాలా విషయాలు ఇలాగే ఉంటాయి.

ఆ డ్యూకు కూతురు ఆన్ 1477లో ఈ కోటలోనే పుట్టింది. పన్నెండేళ్లకి ముందే తండ్రి పోయాడు, రాజ్యం ఆమె నెత్తిన పడింది. 1491లో ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్లెస్‌ని పెళ్లాడింది. ఆయన పోయాక, 1499లో ఆ తర్వాతి రాజు పన్నెండో లూయీని ఈ కోటలోని ప్రార్థనా మందిరంలో పెళ్లాడింది. రెండుసార్లు ఫ్రాన్సుకు రాణి అయిన మనిషి ఆమె ఒక్కతే. 1514లో చనిపోయినప్పుడు దేహాన్ని పారిస్ దగ్గర ఉంచి, గుండెను మాత్రం ఒక బంగారు భరిణెలో పెట్టి నాంత్‌కి పంపారు. ఆ భరిణెను 2018లో మ్యూజియం నుంచి దొంగలు ఎత్తుకుపోయారు. కొద్ది రోజుల్లోనే పోలీసులు వెనక్కి తెచ్చారు. ఈ కథ చెప్పేటప్పుడు ఆ ఊరివాళ్ల గొంతు చూడాలి, సొంత ఇంట్లో దొంగలు పడినట్టు చెబుతారు.

కోట ప్రాకారం మీద తిరగడానికి టికెట్ లేదు. లోపలి మ్యూజియంకి ఉంది. డబ్బు పెట్టి చూడండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

కోట వెనకే పెద్ద చర్చి ఉంది, సెయింట్ పీటర్, సెయింట్ పాల్ కెథెడ్రల్. 1434లో మొదలుపెట్టి 1891లో పూర్తి చేశారు. ఆన్ తన తల్లిదండ్రుల కోసం చెక్కించిన పాలరాతి సమాధి దాంట్లో ఉంది. 2020 జూలైలో అక్కడ అగ్నిప్రమాదం జరిగి, శతాబ్దాల నాటి పెద్ద ఆర్గాన్ వాయిద్యం కాలిపోయింది. మేం వెళ్లినప్పుడు మరమ్మతులకని తలుపులు మూసి ఉంచారు. కాబట్టి లోపలి విశేషాలు నన్ను అడక్కండి.

చరిత్ర చదివినవాళ్లకి నాంత్ అనగానే గుర్తొచ్చేది 1598 నాటి శాసనం. కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ముప్పై ఏళ్లకు పైగా ఒకరినొకరు నరుక్కున్నాక, నాలుగో హెన్రీ రాజు ప్రొటెస్టెంట్లకు కూడా వాళ్ల మతం వాళ్లు పాటించుకునే హక్కు ఇచ్చాడు. యూరప్‌లో మత సహనం గురించి ఏ పుస్తకం తెరిచినా ఈ ఊరి పేరు ఉంటుంది. దాన్ని ఆయన మనవడు పద్నాలుగో లూయీ 1685లో రద్దు చేశాడు. అదే 1685లో అదే రాజు ఇంకో చట్టం తెచ్చాడు. దాన్ని 'నల్ల చట్టం' అంటారు. ఫ్రెంచి దీవుల్లో బానిసలను ఎలా ఉంచాలి, పారిపోతే చెవులు ఎప్పుడు కొయ్యాలి, యజమాని ఆస్తిలో వాళ్లను ఎలా లెక్కెయ్యాలి అన్నీ దాంట్లో రాశారు. మొదటి చట్టం ఈ ఊరి పేరుతో ప్రసిద్ధికెక్కింది. రెండో చట్టంతో ఈ ఊరు బాగుపడింది.

ఆ బాగుపడటం ఎలా ఉంటుందో చూడాలంటే ఫేదో దీవికి వెళ్లాలి. దీవి అన్నానని పడవ వెతుక్కోకండి. లువార్ పాయల మధ్య ఇసుక దిబ్బ మీద 18వ శతాబ్దంలో ఓడల యజమానులు భవనాలు కట్టుకున్నారు. 1920ల నుంచి ఆ పాయలను మట్టితో పూడ్చేశారు. ఇప్పుడు నీళ్లు పారిన చోట పచ్చిక, ట్రాము పట్టాలు ఉన్నాయి. భవనాలు మాత్రం ఇంకా రేవు ఒడ్డున ఉన్నట్టే వరసగా నిలబడ్డాయి. ఇసుక నేల కదా, కొన్ని పక్కకి ఒరిగిపోయాయి. కిటికీల వరస చూస్తే తెలిసిపోతుంది. బాల్కనీలకు ఇనుప అల్లికలు, కిటికీల పైన రాతి ముఖాలు. సముద్ర దేవుళ్లు, గాలి దేవతలు, గడ్డాల ముసలివాళ్లు, వాళ్ల మధ్య ఆఫ్రికా మనుషుల ముఖాలు. ఇంటి ముందు తన వ్యాపారమేమిటో బోర్డు పెట్టుకోనక్కర్లేకపోయింది. నవలా రచయిత జూల్ వెర్న్ 1828లో పుట్టింది ఈ దీవిలోనే.

ఇక ఆ వ్యాపారం. నాంత్ నుంచి ఓడ బయల్దేరి పశ్చిమాఫ్రికా తీరానికి వెళ్తుంది. అక్కడ సరుకిచ్చి మనుషులను కొంటుంది. వాళ్లను అట్లాంటిక్ దాటించి కరీబియన్ దీవుల్లో, ముఖ్యంగా ఇప్పుడు హైతీ అంటున్న సేన్ దోమింగ్‌లో అమ్ముతుంది. అక్కడి చక్కెర, కాఫీ, పత్తి, నీలిమందు ఎత్తుకుని నాంత్‌కి తిరిగొస్తుంది. ఏడాది, ఏడాదిన్నర పట్టే తిరుగుడు. ఫ్రాన్సులో ఈ వ్యాపారానికి పెద్ద రేవు నాంతే. దేశం మొత్తం నుంచి వెళ్లిన బానిస ఓడల్లో 40 శాతానికి పైగా ఇక్కడివే. నాంత్ ఓడలు తీసుకెళ్లిన మనుషులు నాలుగున్నర లక్షల నుంచి ఐదున్నర లక్షల దాకా ఉంటారని లెక్కలు చెబుతున్నాయి.

ఆఫ్రికా తీరంలో సరుకిచ్చి కొన్నారు అన్నాను. ఏం సరుకు? తుపాకులు, సారాయి, ఇనుప కడ్డీలు, మాల్దీవుల గవ్వలు. వీటన్నిటికన్నా విలువలో పెద్ద వాటా గుడ్డలది. ఆ గుడ్డల్లో బాగా గిరాకీ ఉన్నవి మన కోరమాండల్ తీరంలో నేసినవి. నీలిమందులో ముంచిన ముదురు నీలం గుడ్డ, సాలెంపూరి గుడ్డ, చారలవి, గళ్లవి. మీరందరూ ఇప్పుడు కలంకారీ అనుకుంటున్నారు, తెలుసు. అది కొంచెమే. ఎక్కువ భాగం సాదా గుడ్డే. ఆఫ్రికా వర్తకులు గుడ్డ గురించి చాలా పట్టింపు ఉన్నవాళ్లు. రంగు వెలిసినా, నేత పలచబడినా తీసుకునేవాళ్లు కాదు. యూరప్‌లో నకలు తయారు చేసి తీసుకెళ్తే పట్టేసేవాళ్లు. అందుకని మన సాలెవాళ్ల గుడ్డే కావాల్సొచ్చేది.

ఇంకో చిత్రమైన సంగతి వినండి. 1686 నుంచి 1759 దాకా ఫ్రాన్సులో మన అద్దకం గుడ్డలు అమ్మకూడదు, కట్టుకోకూడదు. అక్కడి పట్టు, ఉన్ని నేతవాళ్ల పొట్టకొడుతున్నాయని రాజు నిషేధించాడు. కట్టుకున్న ఆడవాళ్లకు జుర్మానాలు వేశారు. కానీ అదే గుడ్డ గోదాంలో దించి, మళ్లీ ఓడెక్కించి ఆఫ్రికాకు పంపడానికి అభ్యంతరం లేదు. ఫ్రెంచి మహిళ రవికెకు పనికిరాని గుడ్డ మనిషిని కొనడానికి పనికొచ్చింది. ఇక్కడ మగ్గం మీద కూర్చున్నవాడికి తన గుడ్డ ఎక్కడికి పోతోందో తెలిసే అవకాశమే లేదు. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కానీ మన గుడ్డ ప్రపంచమంతా తిరిగిందని సభల్లో గొప్పగా చెప్పుకుంటాం కదా, ఏ పని మీద తిరిగిందో కూడా తెలుసుకుని చెప్పుకుందాం.

ఇందాక కోట మ్యూజియం అన్నాను. దాంట్లో 'మరీ సెరఫీక్' అనే నాంత్ ఓడ నీటిరంగు చిత్రం ఉంది. 1770 ప్రాంతంలో వేసింది. ఓడను నిలువునా కోసినట్టు ఒక్కో అంతస్తూ చూపించారు. కింద పీపాలు, పైన మనుషులు. మూడు వందల మందికి పైగా, తలలూ కాళ్లూ ఎదురెదురుగా, జానెడు ఖాళీ లేకుండా. వేసినవాడు మంచి పనివాడు. కొలతలు సరిగ్గా ఉన్నాయి, రంగులు శుభ్రంగా ఉన్నాయి. పాపం అనే భావం ఎక్కడా లేదు. యజమాని గోడకి తగిలించుకునే బొమ్మ అది. దాని ముందు నుంచి మా ఆవిడ చాలాసేపు కదల్లేదు.

1990ల దాకా ఆ ఊళ్లో ఈ విషయం పెద్దగా ఎత్తేవాళ్లు కాదు. 1992లో ఈ కోటలోనే బానిస వ్యాపారం మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. అక్కడి నుంచి మారింది. 2001లో ఫ్రెంచి పార్లమెంటు ఆ వ్యాపారాన్ని మానవజాతి మీద జరిగిన నేరమని చట్టం చేసింది. 2012లో నది ఒడ్డున స్మారకం తెరిచారు. ఒకప్పుడు ఆ ఓడలు లంగరేసిన రేవు గట్టు మీదే. పైన నడిచే బాటలో గాజు పలకలు పొదిగారు, రెండు వేలు. వాటిలో 1,710 పలకల మీద ఓడల పేర్లు, అవి బయల్దేరిన ఏళ్లు ఉన్నాయి. మిగతా వాటి మీద ఆఫ్రికాలో, దీవుల్లో, హిందూ మహాసముద్రంలో ఆ ఓడలు ఆగిన రేవుల పేర్లు. ఓడలకు ఏం పేర్లు పెట్టుకున్నారనుకున్నారు! పుణ్యాత్ముల పేర్లు, కూతుళ్ల పేర్లు, న్యాయం అని, స్నేహం అని. కింద మెట్లు దిగితే నది నీటికి దగ్గరగా పొడుగాటి నడవ. గాజు మీద ప్రపంచం నలుమూలల నుంచి ఎంచిన వాక్యాలు, అనేక భాషల్లో స్వేచ్ఛ అనే మాట. కాళ్ల కింద లువార్ చప్పుడు వినపడుతుంది. డబ్బులు తీసుకోరు. ఓడల యజమానుల పేర్లతో ఉన్న వీధుల పేర్లు మార్చాలా వద్దా అని ఊళ్లో గొడవ కూడా నడిచింది. పేర్లు ఉంచి, ఆ పెద్దమనిషి ఏం చేశాడో చెప్పే పలకలు కొన్నిచోట్ల పెట్టారు. నాకైతే అదే సరైన పని అనిపించింది. పేరు తీసేస్తే మా వీధికి దాంతో సంబంధం లేదని హాయిగా మర్చిపోవచ్చు.

ఇప్పుడు తోటకు వద్దాం. నిజానికి నేను వచ్చింది దీనికోసమే కదా!

నాంత్ రైల్వే స్టేషన్ ఉత్తరం వైపు తలుపు నుంచి బయటికి వస్తే ఎదురుగా గేటు. జార్దాన్ దె ప్లాంత్, అంటే మొక్కల తోట. మొత్తం 7 హెక్టార్లు, మన లెక్కలో 17 ఎకరాల పైమాట. ఎంట్రీ ఫీజు లేదు. రైలుకి గంట టైముంటే జనం సూట్‌కేసులు లాక్కుంటూ లోపలికి వెళ్లి బెంచీ మీద కూర్చుంటారు.

దీని మూలం 1680లలో మందుల వర్తకులు పెట్టుకున్న మూలికల తోట. ఇప్పుడున్న చోట కాదు, వేరే చోట. తర్వాత అది రాజుగారి తోట అయింది. 1726లో పదిహేనో లూయీ ఒక ఆజ్ఞ వేశాడు. నాంత్ ఓడల కెప్టెన్లు దూరదేశాల నుంచి తిరిగొచ్చేటప్పుడు అక్కడి విత్తనాలు, మొక్కలు తప్పకుండా తేవాలి, ఈ తోటకి ఇవ్వాలి. ఇక్కడి చలికి కాస్త అలవాటు చేసి, పారిస్‌లోని రాజోద్యానానికి పంపేవాళ్లు. అంటే ఈ తోట మొక్కల రేవు.

కెప్టెన్ అంటే ఎవరు? ఇందాక చెప్పిన ఓడల కెప్టెన్లే. అన్ని మొక్కలూ బానిస ఓడల్లోనే వచ్చాయని నేననను. దీవులకు నేరుగా వెళ్లి నేరుగా వచ్చే ఓడలూ ఉండేవి. కానీ అవి మోసిన చక్కెర ఎవరు పండించింది? కాబట్టి ఏ ఓడలో వచ్చిందనేది పెద్ద తేడా కాదు.

ఇక్కడ నా సబ్జెక్టు కాబట్టి ఒక్క నిమిషం ఆగుతాను. ఓడ మీద మొక్కను బతికించడం మహా కష్టం. ఉప్పుగాలి ఆకుల్ని మాడ్చేస్తుంది. తాగేనీళ్లు పీపాల్లో లెక్కగా ఉంటాయి. మొక్కకు పోస్తే మనుషులకు తక్కువ. డెక్కు మీద పెడితే అలలు, కింద పెడితే వెలుతురు లేదు, ఎలుకలున్నాయి. 1830ల్లో లండన్‌లో వార్డ్ అనే డాక్టరు గాజు పెట్టె కనిపెట్టేదాకా, ఓడెక్కిన మొక్కల్లో ఎక్కువ భాగం దారిలోనే చచ్చిపోయేవి. ఆ పెట్టెలో ఆవిరైన నీరే మళ్లీ మట్టిలోకి దిగుతుంది, ఉప్పు తగలదు. అంతకు ముందు మొక్క బతికిందంటే దాని గురించి రోజూ ఎవరో పట్టించుకున్నారన్నమాట. మొక్క దాహాన్ని అంత శ్రద్ధగా చూసుకున్న కాలంలోనే, అలాంటి ఓడల్లో మనుషుల్ని ఎలా పడుకోబెట్టారో ఆ నీటిరంగు చిత్రంలో చూశాం. నాకు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండటం చేతకాలేదు.

ఆ తోటలో పేరున్న చెట్టు మాగ్నోలియా. పెద్దపూల మాగ్నోలియా, అమెరికా ఆగ్నేయ తీరం దాని పుట్టిల్లు. మన సంపెంగ చెట్టు కూడా ఆ కుటుంబమే. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం కూడా మాగ్నోలియా చంపకా అనే రాస్తున్నారు, నేను చదువుకున్న రోజుల్లో మైకేలియా. పువ్వు తెల్లగా, పళ్లెమంత ఉంటుంది. వాసనలో నిమ్మ ఛాయ. ఈ చెట్టు నాంత్‌కి 1711లో వచ్చిందంటారు. దాని మీద అక్కడ చెప్పుకునే కథ ఒకటుంది. దార్కిస్తాద్ అనే ఓడల యజమాని, తర్వాత ఈ ఊరికి మేయరు కూడా అయ్యాడు, మొక్కను ఊరి దగ్గర తన ఎస్టేటులో పెట్టించాడు. వేడి దేశపు మొక్క కదా అని చలికి భయపడి నారింజ చెట్ల గాజింట్లో దాచారు. ఇరవై ఏళ్లు చూశారు, పువ్వు లేదు. ఇక లాభం లేదు, నరికెయ్యమన్నాడు యజమాని. తోటమాలి భార్య అడ్డుపడి, ఆరుబయట ఒక మూల నాటించింది. కొన్నాళ్లకి విరగబూసింది. కథలో కొంత కల్పన ఉండొచ్చు. శాస్త్రం మాత్రం తప్పు కాదు. ఆ చెట్టుకు గాజిల్లు అక్కర్లేదు, కాస్త చలి తట్టుకుంటుంది, దానికి కావాల్సింది ఎండ. యజమాని పేరు చరిత్రలో ఉంది, ఆమె పేరు ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు ఉద్యానంలో చూపించే పెద్ద మాగ్నోలియాను 19వ శతాబ్దం మొదట్లో నాటారు. దాన్ని ఎక్తో మాగ్నోలియా అంటారు. ఎక్తో అంటే ఆ రోజుల్లో తోట చూసుకున్న ఫార్మసిస్టు.

ఇప్పటి తోట రూపం 19వ శతాబ్దానిది. వంకర బాటలు, చెరువులు, చిన్న గుట్ట, ఇనుము, గాజు కలిపి కట్టిన గ్రీన్‌హౌసులు. కమేలియాలకు ప్రత్యేకం, వందల రకాలున్నాయి. ఆకురాలిన చలికాలంలో, ఫిబ్రవరి, మార్చిలో అవి పూస్తాయి. లువార్ తీరం సముద్రానికి దగ్గర కాబట్టి చలి మరీ కొరికెయ్యదు, నేల ఆమ్లగుణం ఉన్నది. కమేలియాకి రెండూ ఇష్టమే. పిల్లల కోసం క్లోద్ పోంతీ అనే చిత్రకారుడు 2013 నుంచి కొన్ని వింతలు పెట్టించాడు. మొక్కలతో చేసిన, పచ్చికలో నిద్రపోతున్న ఇంటంత కోడిపిల్ల, పెద్దవాళ్లు ఎక్కలేని ఎత్తు బెంచీలు. నేను ఎక్కే ప్రయత్నం చెయ్యలేదు. ఫోటోలో ఉన్నది మా అమ్మాయి.

ఆ తోటలో కూర్చున్నవాళ్లకి బానిస వ్యాపారం సంగతి దానంతట అది తట్టదు. పువ్వులు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పవు. అందుకే ముందు స్మారకం, తర్వాత తోట చూడమంటాను. తోటను ద్వేషించమని కాదు, నేను మూడుసార్లు, నాలుగుసార్లు వెళ్లి కూర్చున్నవాణ్ణే.

మిగతా తోటలు త్వరగా చెప్పేస్తాను. ఎర్‌డ్ర్ అనే ఉపనది మధ్యలో వెర్సాయ్ దీవి ఉంది. పేరు చూసి రాజమహలు అనుకోకండి. కాలువ తవ్వినప్పటి మట్టితో 19వ శతాబ్దంలో చేసిన దిబ్బ అది, 1980ల్లో జపాన్ తోట పెట్టారు. ప్రశాంతంగా ఉంటుంది, అంతకు మించి నన్ను పట్టుకోలేదు. దానికన్నా నాకు నచ్చింది 2019లో తెరిచిన 'అసాధారణ ఉద్యానం'. పాత గ్రానైట్ క్వారీ. దక్షిణం వైపు తిరిగిన కొండ గోడ, ఉత్తరపు చలిగాలి తగలదు. ఎండకు వేడెక్కిన రాయి రాత్రంతా వేడి వదులుతుంది. దాంతో ఫ్రాన్సులో అరటి చెట్లు, చెట్టంత ఫెర్న్‌లు పెంచుతున్నారు. 25 మీటర్ల ఎత్తు నుంచి జలపాతం దూకిస్తున్నారు. రాయి కొట్టేసి పాడుబెట్టిన గుంటను ఇలా వాడుకోవచ్చని మన క్వారీలవాళ్లకి ఎవరైనా చూపిస్తే బాగుండు.

ఏనుగు గురించి చెప్పకుండా వదిలితే పిల్లలు ఒప్పుకోరు. నాంత్‌లో ఓడలు కట్టే యార్డులు 1987లో మూతపడ్డాయి. ఆ పాత షెడ్డుల్లో 2007 నుంచి పెద్ద యంత్రాల ఏనుగు తిరుగుతోంది. 12 మీటర్ల ఎత్తు, 48 టన్నుల బరువు, కర్ర, ఉక్కు. దాదాపు యాభై మందిని ఎక్కించుకుని నడుస్తుంది, తొండంతో జనం మీద నీళ్లు చిమ్ముతుంది. ఇందాకటి జూల్ వెర్న్ ఒక నవలలో ఆవిరితో నడిచే ఏనుగును ఉత్తర భారతదేశంలో తిప్పాడు. ఆయన మన దేశం ఎప్పుడూ రాలేదు. ఆ ఏనుగును చూస్తూ కేరింతలు కొట్టే పిల్లల మధ్య నేనూ తడిశాను.

నా ప్రసంగం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: అక్కడ తిండి ఎలా అండీ, శాకాహారులకి?)

ఇబ్బంది లేదండి. ఆ ప్రాంతంలో బక్‌వీట్ పిండితో పలచటి అట్లు వేస్తారు, గాలెత్ అంటారు. చీజ్, పుట్టగొడుగులు పెట్టి ఇమ్మంటే ఇస్తారు. మాంసం వద్దని ముందే చెప్పండి, లేకపోతే హ్యామ్ వేసేస్తారు. బిస్కెట్ల ఊరు కూడా అది. లూ కంపెనీ పెతీ బర్ బిస్కెట్ 1886లో అక్కడే పుట్టింది. అంచుకి 52 పళ్లుంటాయి, వారానికి ఒకటి చొప్పున. నాలుగు మూలలు నాలుగు ఋతువులకి. ఇక ఊరి పేరుతోనే ఒక కేకు ఉంది. బాదం పొడి, చక్కెర, దీవుల రమ్ము కలిపి చేస్తారు. మద్యం ముట్టనివాళ్లు చూసుకోండి. చక్కెర, రమ్ము ఆ ఊరికి ఎలా వచ్చాయో మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటాను.

(ఇంకొక శ్రోత: ఎప్పుడు వెళ్తే బాగుంటుంది మాస్టారూ? తిరగడానికి ఖర్చెంత?)

పువ్వుల కోసమైతే ఏప్రిల్, మే. మాగ్నోలియా కావాలంటే జూన్ తర్వాత. ఊళ్లో నేల మీద ఆకుపచ్చ గీత ఒకటి గీసి ఉంటుంది, దాన్ని పట్టుకుని నడిస్తే చూడాల్సినవి చాలావరకు వచ్చేస్తాయి, గైడు అక్కర్లేదు. 2021 నుంచి శని, ఆదివారాల్లో ట్రాములు, బస్సులు ఉచితం. కోట ప్రాకారం, స్మారకం, తోటలు అన్నీ ఉచితమే. డబ్బు ఖర్చయ్యేది గదికి, మ్యూజియానికి, ఏనుగు ఎక్కడానికి.

(పెడన నుంచి వచ్చిన ఒక యువతి: ఆ మ్యూజియంలో మన గుడ్డలు ఉన్నాయా సార్? చూస్తే మనవని గుర్తుపట్టగలమా?)

మంచి ప్రశ్న అమ్మా. అక్కడ పెట్టిన అద్దకం గుడ్డల్లో పేరున్నవి నాంత్‌లోనే ముద్రించినవి. 1759లో నిషేధం ఎత్తేశాక మన పని చూసి నేర్చుకుని, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పెతీపియెర్ అన్నదమ్ముల్లాంటి వాళ్లు అక్కడ కార్ఖానాలు పెట్టారు. ఆ గుడ్డలు కూడా ఆఫ్రికా ఓడలెక్కాయి. దూరం నుంచి రంగు చూసి గుర్తుపట్టడం కష్టం. మన ఎరుపు చిరివేరు నుంచి, వాళ్ల ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి. రెండింటిలోనూ రంగునిచ్చే పదార్థం అలిజరినే, రెండింటికీ పటిక కట్టాలి. గీత చూడండి. మన పాతవాళ్లు కలంతో చేత్తో గీసేవాళ్లు, కాబట్టి ఒకే తీగ రెండుసార్లు వస్తే రెండూ అచ్చు ఒకేలా ఉండవు. అచ్చుతో, రాగి పలకతో వేసింది అయితే ప్రతి పువ్వూ ఒకటే, అచ్చు కలిసిన చోట సన్నగా అతుకు కనపడుతుంది. ఇప్పుడు పెడనలో మీరు చేసేది కూడా అచ్చు పనే కాబట్టి, ఆ అతుకు పట్టుకోవడం నాకన్నా నీకే బాగా తెలుస్తుంది.